ఔటర్ పక్కన ఆగిన వ్యాను నా కారు వేగాన్ని ఎలా పట్టింది?

మీ ప్రశ్నను ముందు నాకు అర్థమైనట్టు చెబుతాను. హైదరాబాద్‌లో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ వైపు ఔటర్ రింగ్ రోడ్డు మీద కారులో వెళ్తున్నారు. రోడ్డు అంచున తెల్లటి పోలీసు వ్యాను ఆగి ఉంది. చూడగానే బ్రేకు వేశారు. వ్యానులో ఎవరూ మీవైపు చూడలేదు, ఎవరూ ఆపలేదు. కొన్నాళ్లకు ఫోనుకు 1,035 రూపాయల ఓవర్ స్పీడ్ చలానా వచ్చింది, అందులో వేగం 104 అని ఉంది. మీ సందేహాలు నాలుగు. చుట్టూ అన్ని కార్లుండగా మీదే ఎలా దొరికింది? బ్రేకు వేశాక కూడా 104 ఎలా వచ్చింది? మీటరులో ముల్లు 100 దాటనే లేదు కదా? అసలు ఔటర్ మీద 120 దాకా వెళ్లొచ్చు కదా, మరి 104కి జరిమానా ఏమిటి?

నేను కొలత పరికరాల క్యాలిబ్రేషన్, అంటే అవి సరిగ్గా కొలుస్తున్నాయో లేదో సరిచూసే పనిలో చాలాకాలం ఉన్నాను. వాహనాల వేగాన్ని కొలిచే లేజర్ గన్లూ రేడార్లూ విప్పి, సరిచూసి, వాడేవాళ్లకు నేర్పిన అనుభవంతో చెబుతున్నాను. మీ మొదటి మూడు సందేహాలకూ భౌతికశాస్త్రం జవాబు చెబుతుంది. నాలుగోదానికి జవాబు మీ చలానా ఫోటోలోనే ఉండి ఉంటుంది. అసలు విషయం అదేనని నా అనుమానం. అయినా వరసగా వద్దాం, ఎందుకంటే గన్ ఎలా పనిచేస్తుందో తెలిస్తేనే చలానాలో ఏది ప్రశ్నించవచ్చో, ఏది ప్రశ్నించి లాభం లేదో తెలుస్తుంది.

వ్యానులోనో, దాని పక్కన మూడుకాళ్ల స్టాండు మీదనో ఉండేది లేజర్ గన్. దాన్నుంచి వచ్చే కాంతి కంటికి కనబడదు. 905 నానోమీటర్ల దగ్గర ఉండే పరారుణ కాంతి అది. టార్చిలైటులా ఆగకుండా వెలగదు, అతి పొట్టి మెరుపులుగా బయలుదేరుతుంది. సెకనుకు వందకు పైగా, కొన్ని గన్లలో రెండు వందల దాకా ఉంటాయి. ఒక్కో మెరుపు మీ కారుకు తగిలి వెనక్కి వస్తుంది. వెళ్లి రావడానికి ఎంతసేపు పట్టిందో గన్‌లోని గడియారం లెక్కపెడుతుంది. కాంతి వేగం సెకనుకు 29,97,92,458 మీటర్లు. కనుక 300 మీటర్ల దూరంలో ఉన్న కారును తాకి రావడానికి రెండు మైక్రోసెకన్లు, అంటే సెకనును పది లక్షల ముక్కలు చేస్తే అందులో రెండు ముక్కలంత సమయం పడుతుంది. ఆ సమయం నుంచి దూరం తెలుస్తుంది. గన్ నిజానికి కొలిచేది దూరాన్నే. వేగం ఆ దూరాల నుంచి తీసిన లెక్క.

మీ 104నే తీసుకుందాం. గంటకు 104 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 28.9 మీటర్లు. సెకనుకు 200 మెరుపులు పంపే గన్ అయితే, ఒక మెరుపుకూ దాని తరువాతి మెరుపుకూ మధ్య మీ కారు 14 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ ముందుకు జరుగుతుంది. వెళ్లేటప్పుడు అంత, వచ్చేటప్పుడు అంత దారి తగ్గింది కాబట్టి రెండో మెరుపు దాదాపు ఒక నానోసెకను తక్కువ సమయంలో తిరిగొస్తుంది. నానోసెకనంటే సెకనులో వంద కోట్లవ వంతు. ఇంత సన్నటి తేడాను ఒక్కసారి కొలిచి నమ్మడానికి వీల్లేదు. అందుకే గన్ 0.3 సెకను పాటు కొలుస్తూనే ఉంటుంది. అరవై దాకా దూరాలు పోగవుతాయి. ఈలోగా మీరు గన్‌కు 9 మీటర్ల దాకా దగ్గరవుతారు. ఒకవైపు సమయం, ఇంకోవైపు దూరం పెట్టి ఈ అరవై చుక్కలనూ గ్రాఫు మీద వేస్తే ఒక వాలు గీత వస్తుంది. ఆ వాలే మీ వేగం. చుక్కలన్నీ ఆ గీత దగ్గరే ఉంటే గన్ అంకె చూపిస్తుంది. చెల్లాచెదురుగా ఉంటే చూపించదు, తప్పు సూచన ఇచ్చి ఆగిపోతుంది. అంటే అనుమానం ఉన్న కొలతను పరికరమే పారేస్తుంది. చలానా అందుకున్నవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

ఇక అన్ని కార్ల మధ్య మీ కారే ఎలా దొరికిందన్న ప్రశ్న. లేజర్ కిరణం బాగా సన్నగా ఉంటుంది. సాధారణంగా దాని వ్యాప్తి 3 మిల్లీరేడియన్లు. అంటే 100 మీటర్ల దూరంలో 30 సెంటీమీటర్ల వెడల్పు, 300 మీటర్ల దగ్గర 90 సెంటీమీటర్లు, 500 మీటర్ల దగ్గర మీటరున్నర. హైవే మీద ఒక లేన్ వెడల్పే మూడున్నర మీటర్లు. కాబట్టి 300 మీటర్ల దూరంలో కూడా కిరణం మీ కారు ముందు భాగంలో ఒక ముక్క మీదే పడుతుంది, పక్క లేన్‌లో కారును తాకదు. గన్ పట్టుకున్న మనిషి దూరదర్శినిలో చూస్తూ గుర్తును నంబర్ ప్లేటు మీద నిలుపుతాడు. ప్లేటు మీదనే ఎందుకంటే దాని పూత వచ్చిన కాంతిని వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతుంది. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త వాహనాలకు తప్పనిసరి అయిన హై సెక్యూరిటీ ప్లేట్లన్నీ ఇలాంటివే. హెడ్‌లైట్లు కూడా బాగానే తిప్పి పంపుతాయి. నున్నటి బానెట్, ఏటవాలు అద్దం మాత్రం కాంతిని ఎటో చెదరగొడతాయి.

గన్‌లోనే కెమెరా కూడా ఉంటుంది. లేజర్ ఎటు చూస్తే కెమెరా అటే చూసేలా రెండింటినీ కలిపి బిగిస్తారు. ముందుగా పెట్టిన హద్దును వేగం దాటగానే ఫోటో దానంతట అదే పడుతుంది. ఆ ఫోటో మీదనే వేగం, దూరం, తేదీ, సమయం, స్థలం అచ్చవుతాయి. కిరణం తగిలిన చోట గుర్తు కూడా ఉంటుంది. వ్యానులో ఎవరూ మీవైపు చూడలేదన్నారు. మీరు వ్యాను పక్కనుంచి వెళ్లేసరికి మీ పని ఎప్పుడో అయిపోయింది. గన్ పట్టుకున్నాయన అప్పటికే మీ వెనక వచ్చే బండి మీద గుర్తు పెట్టుకుని ఉంటాడు.

బ్రేకు సంగతి కూడా ఇందులోనే తేలిపోతుంది. ఇలాంటి గన్లు కొన్ని వందల మీటర్ల దూరం నుంచి కొలుస్తాయి, కొన్నిటికి వెయ్యి మీటర్లు కూడా అందుతుంది. రోడ్డు పక్కన ఆగిన తెల్ల వాహనం పోలీసులదని మీ కంటికి తెలిసేది ఏ 150, 200 మీటర్ల దగ్గరో. అప్పటికి 0.3 సెకను కొలత పూర్తయి చాలాసేపు అయి ఉంటుంది. పైగా గట్టిగా బ్రేకు తొక్కుతున్న కారును కొలిస్తే ఆ 0.3 సెకనులోనే వేగం గంటకు ఏడు కిలోమీటర్ల దాకా పడిపోతుంది, చుక్కలు వాలు గీతను వదిలి వంకర తిరుగుతాయి. అలాంటి కొలతను గన్ తిప్పికొట్టే అవకాశమే ఎక్కువ. మీకు శుభ్రంగా 104 వచ్చిందంటే చాలావరకు మీరింకా వ్యానును గుర్తుపట్టకముందు వచ్చిందే. దయచేసి వ్యానును చూసి ఉన్నట్టుండి బ్రేకు తొక్కకండి. కొలత ఎలాగూ మారదు, మీ వెనక వస్తున్న లారీకి మాత్రం ఆగడానికి చోటు దొరకదు. ఈ మాట బతిమాలి చెబుతున్నాను.

రేడార్ గురించి కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే జనం రెండింటినీ కలిపేసి మాట్లాడతారు. బేగంపేట స్టేషన్లో ఆగకుండా వెళ్లే రైలు కూత దగ్గరకొస్తున్నప్పుడు సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది కదా. క్రిస్టియన్ డాప్లర్ 1842లో వివరించిన ఈ మార్పే రేడార్‌కు ఆధారం. పోలీసు రేడార్లలో బాగా వాడేది 24.15 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం, అంటే సెకనుకు 2,415 కోట్ల కంపనాలు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో ఎదురొస్తున్న కారును తాకి తిరిగొచ్చే తరంగంలో దాదాపు 4,470 కంపనాలు పెరుగుతాయి. ఆ పెరుగుదలను కొలిస్తే వేగం నేరుగా తెలుస్తుంది. ఇక్కడ దూరంతో పనిలేదు. రేడార్‌తో చిక్కు దాని పుంజం వెడల్పు. పన్నెండు డిగ్రీల పుంజం 200 మీటర్ల దగ్గరకు వెళ్లేసరికి 40 మీటర్లకు పైగా పరుచుకుంటుంది. ఔటర్ నాలుగు లేన్లూ, పక్కనున్న సర్వీసు రోడ్డులో కొంతా దాంట్లోకి వచ్చేస్తాయి. పెద్ద లారీ నుంచి వచ్చే ప్రతిధ్వని ముందు చిన్న కారుది వినబడదు. ద్విచక్రవాహనాలు, ఆటోలు, కార్లు, బస్సులు ఒకదాన్నొకటి రాసుకుంటూ వెళ్లే మన రోడ్ల మీద చేతిలో పట్టుకునే పాతరకం రేడార్‌తో ఫలానా బండిదే ఈ వేగం అని తేల్చడం కష్టం. మన దగ్గర లేజర్ గన్ పాతుకుపోవడానికి ఇది పెద్ద కారణమని నా అభిప్రాయం. రోడ్డు మీద అడ్డంగా కట్టిన ఇనుప చట్రాలకు బిగించే కొత్తరకం రేడార్లు వేరు. అవి దూరాన్ని, కోణాన్ని కూడా కలిపి లెక్కగట్టి ఒకేసారి చాలా బండ్లను లేన్లవారీగా వెంబడించగలవు. పక్కనే నంబర్ ప్లేటు చదివే కెమెరా ఉంటుంది.

ఇంకో పద్ధతి సగటు వేగం. పది కిలోమీటర్ల దూరంలో రెండు కెమెరాలు పెట్టి, రెండు చోట్లా మీ ప్లేటు చదివి, మధ్యలో ఎంతసేపు పట్టిందో చూస్తారు. హద్దు 100 అయినచోట ఆరు నిమిషాలు పట్టాలి, ఐదు నిమిషాల్లోనే వచ్చేశారంటే సగటు 120 అన్నమాట. కెమెరా దగ్గర బ్రేకు, దాటాక యాక్సిలరేటర్ అనే అలవాటుకు ఇదొక్కటే సరైన మందు.

వేగం కొలిచే కెమెరాకు ప్రపంచంలో పేరు తెచ్చిన మారిస్ గాట్సోనిడెస్ 1953లో మోంటే కార్లో ర్యాలీ అనే కార్ల పందెం గెలిచిన డచ్ డ్రైవరు. మలుపుల్లో తన కారు వేగం కొలుచుకుని మరింత వేగంగా వెళ్లాలన్నది ఆయన కోరిక. 1958లో ఆయన పెట్టిన కంపెనీ కెమెరాలే తరువాత యూరప్ రోడ్ల పక్కన వెలిశాయి. వాటిలో నాకు బాగా నచ్చేది రెండో సాక్ష్యం. రేడార్ ఒక వేగం చెబుతుంది. కెమెరా అరసెకను తేడాతో రెండు ఫోటోలు తీస్తుంది. రోడ్డు మీద సమాన దూరాల్లో తెల్ల గీతలు గీసి ఉంటాయి. కారు ఎన్ని గీతలు దాటిందో లెక్కపెడితే రేడార్ చెప్పింది నిజమో కాదో ఎవరైనా తేల్చవచ్చు. మన లేజర్ చలానాలకు కూడా ఇలాంటి రెండో లెక్క జతచేస్తే ఎంతో బాగుంటుంది. వీడియో తీసే గన్లలో దానికి వీలుంది. రెండు ఫ్రేములు, వాటి సమయాలు, వాటిలోని దూరాలు ఇస్తే పదో తరగతి పిల్లవాడు కూడా సరిచూడగలడు. ప్రజల నమ్మకం కావాలంటే ఇలాంటివి అడగకముందే ఇవ్వాలి.

ఇప్పుడు గన్ ఎక్కడ తప్పుతుందో చూద్దాం. మీకు బాగా పనికొచ్చే భాగం ఇదే.

మొదటిది కోణం. గన్ రోడ్డు పక్కన ఉంటుంది, మీరు రోడ్డు మీద ఉంటారు. కాబట్టి అది మిమ్మల్ని సూటిగా కాక కొంచెం ఏటవాలుగా చూస్తుంది. ఏటవాలుగా చూసినప్పుడు దూరం తగ్గే రేటు మీ అసలు వేగం కన్నా తక్కువగా కనిపిస్తుంది. ఎంత తక్కువన్నది కోణం కొసైన్ చెబుతుంది. గన్ మీ లేన్ నుంచి 10 మీటర్లు పక్కగా ఉండి, మీరు 300 మీటర్ల దూరంలో ఉంటే కోణం రెండు డిగ్రీల లోపే, తేడా లెక్కలోకి రాదు. 50 మీటర్ల దగ్గర కోణం 11 డిగ్రీలు దాటి, 100తో వెళ్లే కారు 98గా కనిపిస్తుంది. 20 డిగ్రీల కోణంలో అదే కారు 94 చూపిస్తుంది. గమనించండి, ఆగి ఉన్న గన్ విషయంలో ఈ తప్పు ఎప్పుడూ డ్రైవరుకే లాభం. గన్ పక్కన పెట్టారు కాబట్టి ఎక్కువ చూపించిందనే వాదన నిలవదు. కదులుతున్న పోలీసు వాహనంలో పెట్టిన రేడార్ అయితే లెక్క తిరగబడవచ్చు, ఎందుకంటే అది తన సొంత వేగాన్ని కోణం వల్ల తక్కువగా కొలుచుకుంటే, ఆ తగ్గినంతా ఎదురొచ్చే కారు ఖాతాలో పడుతుంది. మీ కేసులో వ్యాను ఆగి ఉంది కనుక ఆ గొడవ లేదు.

రెండోది కిరణం జారడం. లేజర్ గన్‌కు అసలైన బలహీనత ఇది. కొలత మొదలైనప్పుడు కిరణం ముందు అద్దం దగ్గర పడి, చెయ్యి కదలడం వల్ల ముగిసేసరికి నంబర్ ప్లేటు మీదకు జారిందనుకోండి. ఆ రెండింటి మధ్య దూరం ఒక మీటరు అనుకుందాం. 0.3 సెకనులో కారు తాను వచ్చినదానికన్నా ఒక మీటరు అదనంగా దగ్గరకొచ్చినట్టు గన్ భ్రమపడుతుంది. గంటకు 12 కిలోమీటర్లు ఎక్కువ చూపించడానికి అది చాలు. కిరణం ఒక్కసారిగా ఎగిరి దూకితే చుక్కలు చెదిరి గన్ ఆ కొలతను పారేస్తుంది. మెల్లగా, సమంగా జారితే మాత్రం పసిగట్టడం దానికీ కష్టమే. అందుకే స్టాండు వాడాలని, గుర్తును ప్లేటు మీద నిలపాలని, కారు పక్క భాగం మీద కిరణం కొట్టకూడదని శిక్షణలో గట్టిగా చెబుతాం. చేత్తో పట్టుకుని దూరంగా ఉన్న బండిని కొట్టడం నాకు ఎప్పుడూ ఇష్టం ఉండదు. మీ ఫోటోలో గుర్తు ప్లేటు మీదో హెడ్‌లైటు మీదో ఉంటే కొలత మీద అనుమానం పెట్టుకోకండి. అద్దం అంచునో, రెండు బండ్ల మధ్యనో ఉంటే అడగడానికి మీకు కారణం ఉంది.

వ్యాను అద్దంలోంచి కొడితే తప్పు రాదా అని చాలామంది అడుగుతారు. రాదు. అద్దం వల్ల కాంతికి కలిగే ఆలస్యం ప్రతి మెరుపుకూ ఒకేలా ఉంటుంది. గన్ వాడేది తేడాలనే కాబట్టి ఆ ఆలస్యం కొట్టుకుపోతుంది. అందే దూరం మాత్రం కొంత తగ్గుతుంది. వాన, పొగమంచు, దుమ్ము కూడా అంతే. మెరుపులు తిరిగి రాకపోతే అంకె రాదు, సరిపడా వస్తే సరైన అంకే వస్తుంది. ఇలాంటి గన్లకు తయారీదార్లు చెప్పే ఖచ్చితత్వం సాధారణంగా రెండు కిలోమీటర్లు అటూఇటూ.

డ్యూటీ మొదలయ్యేటప్పుడు చేయాల్సిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. గన్ తన లోపలి భాగాలను తానే సరిచూసుకుంటుంది. తరువాత దూరదర్శినిలోని గుర్తూ కిరణమూ ఒకేచోట చూస్తున్నాయో లేదో తేల్చాలి. ఒంటరిగా నిలబడిన కరెంటు స్తంభం మీదుగా గన్‌ను అటూఇటూ తిప్పితే, గుర్తు స్తంభం మీద ఉన్నప్పుడే శబ్దం మారాలి. ఆ తరువాత ముందే టేపుతో కొలిచిపెట్టిన దూరంలో ఉన్న కదలని వస్తువును కొట్టి చూడాలి. దూరం సరిగ్గా రావాలి, వేగం సున్నా రావాలి. ఐదు నిమిషాల పని ఇది. ఏ రోజుకారోజు చేసి రాసిపెట్టిన పుస్తకం ఉంటే ఏ కోర్టులోనైనా ఆ గన్ మాట నిలుస్తుంది.

చట్టం కూడా మీ పక్షాన కొన్ని షరతులు పెట్టింది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 136ఎ సెక్షన్, దాని కింద 2021 ఆగస్టులో వచ్చిన 167ఎ నిబంధన వీటికి ఆధారం. వేగం కొలిచే పరికరానికి రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించిన అధికారి ఇచ్చే ఆమోద పత్రం ఉండాలి, దాన్ని ఏటా కొత్తగా తీసుకోవాలి. ఆ దారిలో ఎలక్ట్రానిక్ నిఘా ఉందని హెచ్చరించే బోర్డు ముందుగానే కనిపించాలి. ఉల్లంఘన జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. చలానాలో ప్లేటు కనిపించే స్పష్టమైన ఫోటో, పరికరం చూపిన కొలత, తేదీ, సమయం, స్థలం, ఏ సెక్షన్ కిందన్నది ఉండాలి. తూనికలు కొలతల శాఖ నిబంధనలు కూడా ఇప్పుడు ఇటువైపు వచ్చాయి. రేడార్ పరికరాలను సరిచూసి ముద్ర వేశాకే వాడాలన్న నియమం 2025 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. కూరగాయల దుకాణంలో కాటాకు ముద్ర అడిగే దేశంలో, మనిషి మీద జరిమానా వేసే కొలతకు ముద్ర ఉండాలనడం ఎప్పుడో రావలసిన మాట. ఈ రంగంలో పనిచేసినవాడిగా దీన్ని మనస్ఫూర్తిగా స్వాగతించాను.

ఇక మీ నాలుగో ప్రశ్న. ఔటర్ మీద 120 దాకా వెళ్లొచ్చన్నది సగమే నిజం. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద 2023లో గరిష్ఠ వేగాన్ని 100 నుంచి 120కి పెంచినప్పుడు లేన్లవారీగా హద్దులు పెట్టారు. డివైడర్ పక్కనున్న మొదటి రెండు లేన్లలో 100 నుంచి 120 దాకా వెళ్లాలి. మూడు, నాలుగు లేన్లలో 40 నుంచి 80 దాకానే. మీరు 104తో వెళ్తున్నది మూడో లేన్‌లో అయితే హద్దు కన్నా 24 ఎక్కువ. గన్ రెండు కిలోమీటర్లు తప్పిందనుకున్నా ఆ చలానా మారదు. ఎడమ లేన్లలో లోడు లారీలు నెమ్మదిగా పోతుంటాయి, ర్యాంపుల నుంచి ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ అక్కడే కలుస్తారు. 50తో వెళ్లే లారీ వెనకకు 104తో వచ్చే కారు సెకనుకు 15 మీటర్ల చొప్పున దగ్గరవుతుంది. రాత్రిపూట ఆ లారీకి వెనక లైటు లేకపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. లేన్ హద్దుల బోర్డులు ఇంకా పెద్దవిగా, ఇంకా తరచుగా ఉండాలని మీరు ఫిర్యాదు చేస్తే మాత్రం అది న్యాయమైనదే. జరిమానా వేసేచోట హద్దు ఎంతో డ్రైవరుకు సందేహం ఉండకూడదు.

నగరం లోపల సంగతి ఇంతకన్నా ముఖ్యం, ఎందుకంటే ఔటర్ మీద కనీసం పాదచారులు లేరు. 2023లోనే గ్రేటర్ హైదరాబాద్ పరిధికి ఇచ్చిన హద్దుల ప్రకారం డివైడర్ ఉన్న రోడ్ల మీద కార్లకు 60, లేని రోడ్ల మీద 50. ద్విచక్రవాహనాలు, ఆటోలు, బస్సులు, లారీలకు 50, 40. కాలనీ రోడ్లలో అందరికీ 30. రాత్రి పదకొండు దాటాక ఖాళీగా కనిపించే ఫ్లైఓవర్ మీద 60 హద్దేమిటని విసుక్కునేవాళ్లు ఈ లెక్క చూడాలి. ఎదురుగా ఏదో కనిపించి కాలు బ్రేకు మీదకు చేరడానికి సెకనున్నర పడుతుందనుకుందాం, పొడి రోడ్డు మీద మంచి బ్రేకులనుకుందాం. 60తో వచ్చే కారు 45 మీటర్లలో ఆగుతుంది. అదే చోట, అదే క్షణంలో చూసి, అంతే గట్టిగా బ్రేకు తొక్కిన 80 కారు ఆ 45వ మీటరు దగ్గరకు వచ్చేసరికి ఇంకా గంటకు 65 వేగంతో ఉంటుంది. ఆ 45 మీటర్లలో దాదాపు ముప్పాతిక భాగం బ్రేకు అందుకోకముందే అయిపోయింది మరి. హద్దు దాటింది ఇరవయ్యే అనిపిస్తుంది. రోడ్డు దాటుతున్న మనిషికి మాత్రం మొదటి కారు తగలనే తగలదు, రెండోది 65తో తగులుతుంది. ఔటర్ మీద 100, 120 కార్లకు ఇదే లెక్క కడితే, మొదటిది ఆగిపోయిన చోట రెండోది ఇంకా దాదాపు 77తో వెళ్తూ ఉంటుంది.

మీటరు 100 దాటలేదన్నారు. ఇది ఆలోచించాల్సిన మాటే. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపించకూడదు, కొంత ఎక్కువ చూపించవచ్చు. అందుకే మామూలుగా మీటరులో 100 ఉంటే అసలు వేగం 94, 96 ఉంటుంది. గన్ 104 అంటోంది, మీటరు 100 అంటోందంటే రెండు కారణాలు తోస్తున్నాయి. ఒకటి, మీరు మీటరు చూసిన క్షణమూ గన్ కొట్టిన క్షణమూ వేరు. లేదా మీ మీటరు దాదాపు సరిగ్గానే చూపించేది అయి, కారుకు కంపెనీ సైజు కాని టైర్లున్నాయి. 185/65 ఆర్15 సైజు టైరు ఉండాల్సినచోట 205/65 ఆర్15 వేయిస్తే టైరు వ్యాసం నాలుగు శాతం పెరుగుతుంది. చక్రం ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, మీటరుకు ఆ సంగతి తెలియదు. అందంగా ఉంటాయని లావు టైర్లు వేయించుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఫోనులో జీపీఎస్ పెట్టుకుని తిన్నటి రోడ్డు మీద నిలకడగా వెళ్తూ, పక్కన కూర్చున్నవాళ్లను రెండు అంకెలూ పోల్చి చూడమనండి.

రేడార్ డిటెక్టర్ కొనుక్కోవాలా అని చివర్లో అడిగారు. వద్దు. రేడియో తరంగాలను పట్టే పెట్టెకు లేజర్ కాంతి తెలియదు. కాంతిని పట్టేవి కూడా ఉన్నాయి, కానీ కిరణం సన్నగా మీ ఒక్క కారు మీదే పడుతుంది కనుక అది మోగేసరికి కొలత అయిపోతుంది. ప్లేటు వంచడం, అంకె మీద స్టిక్కర్ అంటించడం లాంటివి చేయకండి. వేగానికి జరిమానాతో పోయేది, ప్లేటు మార్చితే కేసు దాకా వెళ్తుంది.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. డబ్బు కట్టకముందే ఈ-చలానా వెబ్‌సైట్‌లో మీ ఫోటోను పెద్దది చేసి చూడండి. ముందు ప్లేటు మీదేనా, కారు రంగూ మోడలూ మీవేనా చూడండి. నా అనుభవంలో తప్పుడు చలానాల్లో వేగం తప్పడం అరుదు, ఒక అక్షరమో అంకెనో తప్పుగా చదివి వేరే బండికి పంపడమే ఎక్కువ. తరువాత గుర్తు ఎక్కడ పడిందో, దూరం ఎంత రాశారో, తేదీకీ నోటీసుకూ మధ్య ఎన్ని రోజులున్నాయో చూడండి. చివరగా డివైడర్ నుంచి మీ లేన్ ఎన్నోదో లెక్కపెట్టండి. మూడోదో నాలుగోదో అయి, గుర్తు ప్లేటు మీద ఉంటే కట్టేయండి, వాదనకు ఏమీ లేదు. మొదటి రెండింటిలో ఒకటైతే 104 తప్పు కాదు. అప్పుడు చలానా నంబరు, ఫోటో, ఆ స్థలంలోని హద్దు బోర్డు ఫోటో జతచేసి ట్రాఫిక్ పోలీసులకు రాతపూర్వకంగా అడగండి. ఆ పరికరం ఆమోద పత్రం తేదీ, ఆ చోటికి గన్‌లో పెట్టిన హద్దు ఎంత అన్న రెండు వివరాలూ అందులోనే కోరండి. వాళ్లు ఒప్పుకోకపోతే కోర్టుకు వెళ్లే హక్కు మీకుంది, కానీ కట్టేశాక ఆ దారి మూసుకుపోతుంది.